బాధితుల లెక్కలో మనమెక్కడ?

నేరాల లెక్క అనగానే అందరూ ఎన్‌సీఆర్‌బీ వార్షిక నివేదికను చూపుతారు. అది పోలీసు రికార్డుకెక్కిన కేసుల లెక్క మాత్రమే. భయంతోనో, రాజీ ఒత్తిడితోనో స్టేషను మెట్లెక్కని బాధితునికి అందులో చోటు లేదు. అదే సంస్థ జైళ్ల నివేదికలో ఖైదీల మతాన్ని పట్టిక వేసి చూపుతుంది. నేరాల నివేదికలో బాధితుల మతం కనబడదు. ఖైదీలుగా లెక్కకు వచ్చే మనం, బాధితులుగా ఎందుకు రాము?

అమెరికాలో 1970ల నుండి ఇంటింటికీ వెళ్లి, జరిగిన నేరమేమిటో, పోలీసులకు చెప్పారో లేదో అడుగుతున్నారు. మన దేశంలో అటువంటి శాశ్వత జాతీయ సర్వే లేదు. దానిని కోరవలసిందే. అయితే ఏదో ఒక సర్వేతో తృప్తి పడరాదు. ఎవరిని అడగాలో ఎంచే పద్ధతిలోనే న్యాయాన్యాయాలు తేలిపోతాయి.

మా కుసుమంచి వంటి మండలంలో నూటికి అయిదిళ్లు మనవనుకుందాం. లాటరీ తీసినట్లు 200 ఇళ్లు ఎంచితే మన వంతు సుమారు పది. ఆ పదిళ్లతో ఏ నిర్ధారణా చేయలేమని నిపుణులు పక్కన పెడతారు. కనుక ముస్లిం, ఆదివాసీ, దళిత కుటుంబాలను వేర్వేరు వర్గాలుగా విభజించి, తక్కువున్న వర్గం నుండి ఎక్కువ ఇళ్లు ఎంచి, తుది లెక్కను అసలు జనాభా నిష్పత్తికి సరిచేయాలి. ఇది మనకు చేసే ఉపకారం కాదు, గణాంక శాస్త్రంలో స్థిరపడిన పద్ధతే.

ఇల్లు ఎంచితే చాలదు. ఇంటి పెద్దనొక్కరినే అడిగితే స్త్రీల బాధ గడప దాటదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గృహహింస ప్రశ్నలకు ఇంటికొక స్త్రీని ఎంచి, ఏకాంతంలోనే అడుగుతారు. అంటే మార్గం ప్రభుత్వానికి తెలియనిది కాదు.

మేము ఏళ్ల తరబడి ప్రభుత్వ కార్యాలయంలో ఫారాలు చూసిన గుమాస్తాలం. తాళం వేసిన ఇంటికి మళ్లీ వెళ్లకుండా, పక్కింటివారిని అడిగి నింపిన కాగితాలెన్నో మా చేతుల మీదుగా పోయాయి. పగలంతా కూలికి, ఆటోకు పోయే పేదవారే అలా జారిపోతారు.

మతం అడిగితే సమాజం చీలుతుందనేవారున్నారు. జనాభా లెక్కల్లో మతం అడుగుతూనే ఉన్నారు. 2006లో సచార్ కమిటీ మన వెనుకబాటును అంకెలతో చూపగలిగింది అలా అడిగినందువల్లనే.

తప్పు మనలోనూ ఉంది. జుమా నమాజు తరువాత దొరికినవారిని అడిగి, అదే సర్వే అనుకుంటున్నాము. అందులో స్త్రీలేరీ? వలస పోయినవారేరీ? సంఘాల సోదరులారా, ముందు ప్రతి ఇంటి జాబితా రాయండి. ఆపై అధికారులను నిలదీయండి. లెక్క లేనివారికి హక్కు అడిగే ఆధారమూ ఉండదు.