కలుపులోకి వంగే ముందు ఐదు నిమిషాలు



పొద్దున్నే ట్రాక్టర్ స్టార్ట్ చేయగానే రోటవేటర్ దించుతామా? కాసేపు ఇంజన్ వేడెక్కనిస్తాం. ఎద్దుల్నైనా విప్పి నాలుగడుగులు నడిపించాకే కాడి వేస్తాం. మన ఒంటి దగ్గరికి వచ్చేసరికి మాత్రం టీ తాగడం, తలగుడ్డ చుట్టడం, సాలులోకి వంగిపోవడం.

"పొలం పనే పెద్ద ఎక్సర్‌సైజు, మళ్లీ దానికి వార్మప్ ఏంటన్నా?" అని చాలామంది నవ్వుతారు. పని ఎక్సర్‌సైజే, అందుకే వార్మప్ కావాలంటాను. మనం గడ్డి మందు కొట్టం. కలుపంతా చేత్తోనో, కోనో వీడర్‌తోనో తీయాలి. 200 లీటర్ల డ్రమ్ములో జీవామృతం కర్రతో తిప్పాలి, వడకట్టాలి, బకెట్లతో మోయాలి. 16 లీటర్ల ట్యాంకు వీపున వేసుకుంటే అందులో ద్రవమే 16 కిలోలు, ట్యాంకు బరువు అదనం. మందుల ఖర్చు మిగిలిందని వీడియోల్లో గొప్పగా చెప్పుకుంటాం (నేనూ చెప్తాను). నడుం నొప్పి ఇంజక్షన్ల ఖర్చు మాత్రం ఎవరూ లెక్కలో రాయరు.

పొద్దున పూట ఇంకో సంగతి ఉంది. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. లేచి తిరుగుతుంటే మెల్లగా సర్దుకుంటాయి. లేచిన మొదటి గంటలోనే నడుం పూర్తిగా వంచితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. ఎండాకాలం ఐదింటికే చేలో దిగే మనకి ఇది సరిగ్గా తగిలే విషయం. కండరాలూ అంతే, కాస్త కదిలిస్తేనే రక్తం పారి వేడెక్కుతాయి.

అందుకని నేను పొద్దున మొదటి పనిగా వంగే పని పెట్టుకోను. ముందు గట్ల చుట్టూ కాస్త వేగంగా ఒక రౌండు. జిగురు అట్టలు, లింగాకర్షక బుట్టలు చూసుకోవడం కూడా అందులోనే అయిపోతుంది. తర్వాత భుజాలు ముందుకీ వెనక్కీ పదేసిసార్లు, నడుం మీద చేతులు పెట్టి అటూ ఇటూ మెల్లగా తిరగడం, సగం గుంజీళ్లు ఓ పది. మణికట్లు, చీలమండలు కూడా తిప్పండి. పైన వీడియోలో అన్నీ చూపించాను. వంగి కాలివేళ్లు పట్టుకుని అలాగే ఆగిపోయే రకం సాగదీతలు పని అయ్యాక చేసుకోవచ్చు. డిస్కు సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడిగే మొదలుపెట్టండి.

అసలు చెప్పాలనుకున్నది కూలీల గురించి. నాట్లకీ కలుపుకీ వచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. తెల్లవారకముందే వంట చేసి, ఆటోలో ఇరుక్కుని కూర్చుని వచ్చి, దిగీ దిగగానే మడిలోకి వంగుతారు. "ఒళ్లు కదిలించుకోవాలంటే పది నిమిషాలు ముందే రమ్మను" అనే రైతుల్ని చూశాను. అది నాకు నచ్చదు. ఆ ఐదు నిమిషాలు కూలి టైంలోనే పోవాలి, టీ టైం పోవట్లేదా? మొదట్లో మా చేలోకి వచ్చే అక్కలు సిగ్గుపడి నవ్వేవాళ్లు. ఇప్పుడు ముఠా పెద్దమ్మే "చేతులు తిప్పండే" అని కేకేస్తుంది. ఎకరానికి కూలి ఖర్చు పెరిగిందా అంటే, నా పుస్తకంలో తేడా కనిపించలేదు. మీ ముఠాలతో మాట్లాడి చూసి, వాళ్లేమన్నారో రాయండి.