ప్యాచ్ కొనుక్కుంటే వచ్చేది కాదు!

గూడూరులో గానీ, ఎమ్మిగనూరులో గానీ, ఆదోనిలో గానీ తెల్లారకముందే ఏదో ఒక గ్రౌండ్‌కు వెళ్లి చూడండి. 1,600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లు గుంపులు గుంపులుగా కనిపిస్తారు. ఒకరు డిగ్రీ చదువుతూ, ఇంకొకరు ఇంటర్ అయిపోయి ఇంట్లో ఉంటూ అగ్నివీర్ కోసం తయారవుతున్నారు. వాన పడితే పంట, లేకపోతే సుగ్గికి గుంటూరు మిరప కోతలకు పోవాల్సిన పల్లెలు మనవి. నెల జీతం, యూనిఫాం, ఊళ్లో మర్యాద మూడూ ఒకేసారి ఇచ్చే ఉద్యోగం మీద ఆ పిల్లలకు ఆశ ఉండటంలో వింతేమీ లేదు. వింతల్లా వాళ్లు వేసుకొచ్చే టీషర్టుల మీదే ఉంది.

ఒకడి చేతి మీద రెక్కల కత్తి, దాని కింద హిందీలో ‘బలిదాన్’. ఇంకొకడికి ‘సియాచిన్’. మరొకడికి ఏ డివిజన్‌దో తనకే తెలియని గుర్తు. వీళ్లలో చాలామంది ఇంకా ర్యాలీ గేటు కూడా దాటలేదు. అడిగితే "ఇన్‌స్పిరేషన్ కోసం అన్నా" అంటారు. ఆ మాటలో కల్మషం లేదు. కానీ ఏ ఉద్యోగం కోసం అంత కష్టపడుతున్నారో, ఆ ఉద్యోగంలోకి వెళ్లాక మొదట నేర్చుకునే విషయాల్లో ఒకటి ఇదే: ఒంటి మీద ఉన్న ప్రతి గుర్తుకూ ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క ఇప్పుడే తెలుసుకుంటే నష్టమేం లేదు కదా.

ఒక సైనికుడి ఛాతీ మీద రంగు రంగుల పట్టీలు చూస్తాం. వాటిని రిబ్బన్లంటారు. ప్రతి రిబ్బనూ ఒక మెడల్‌కు గుర్తు. వాటిలో ధైర్యసాహసాలకు ఇచ్చేవి కొన్నే. చాలా భాగం ఎక్కడ, ఎప్పుడు, ఎన్నాళ్లు పనిచేశావన్నది చెప్పేవే. 1971 యుద్ధాన్నే తీసుకోండి. తూర్పు రంగంలో ఉన్నవాళ్లకు పూర్వీ స్టార్, పశ్చిమ రంగంలో ఉన్నవాళ్లకు పశ్చిమీ స్టార్. రెండింటికీ తోడు సంగ్రామ్ మెడల్ వేరే ఉంది. 1999 కార్గిల్‌లోనూ అంతే. పోరు జరిగిన ప్రాంతంలో పనిచేసినవాళ్లకు ఆపరేషన్ విజయ్ స్టార్, ఆ ఆపరేషన్ కోసం ఇతర చోట్ల మోహరించినవాళ్లకు ఆపరేషన్ విజయ్ మెడల్. యుద్ధం ఒక్కటే, దేశం ఒక్కటే, జీతం ఒక్కటే. అయినా ‘నేను అక్కడ ఉన్నాను’ అనడానికీ, ‘ఆ సమయంలో సర్వీసులో ఉన్నాను’ అనడానికీ మధ్య గీత గీశారు. ఐక్యరాజ్యసమితి శాంతి దళాల్లోనూ చాలా మిషన్లలో కనీసం 90 రోజులు పనిచేస్తేనే మెడల్. 89 రోజులకు సగం మెడల్ ఇవ్వరు.

ఇదంతా మిలటరీవాళ్ల చాదస్తం అనిపించవచ్చు. అప్పుడు సియాచిన్ సంగతి గుర్తు చేసుకోండి. 2016 ఫిబ్రవరి 3న అక్కడ 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ పోస్టు మీద మంచు చరియ విరుచుకుపడింది. 19 మద్రాస్ బెటాలియన్‌కు చెందిన పది మంది దాని కింద కూరుకుపోయారు. కర్ణాటకకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్పను ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో బయటికి తీశారు, కానీ ఆయన కూడా ఢిల్లీ ఆసుపత్రిలో ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆ పదిమందిలో ఒకరు సిపాయి ముస్తాక్ అహ్మద్. ఊరు పార్నపల్లె. అప్పటికి అది మన కర్నూలు జిల్లాయే, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. సియాచిన్‌లో పనిచేసినవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక మెడల్ ఎందుకు పెట్టారో అర్థం కావడానికి ఇంతకు మించి వివరణ అక్కర్లేదు. వంద, రెండొందలకు అదే పేరు కుట్టిన గుడ్డముక్క కొని చేతికి అంటించుకునే ముందు, పార్నపల్లె మనకు ఎంత దూరమో ఒకసారి ఆలోచించండి.

ఇక భుజం మీద ప్యాచ్‌ల విషయం. ఇక్కడ సినిమాల వల్ల, వీడియో గేముల వల్ల ఒక గందరగోళం వచ్చింది. అమెరికా సైన్యంలో ఎడమ చేతి మీద ఇప్పుడు పనిచేస్తున్న యూనిట్ ప్యాచ్ ఉంటుంది. యుద్ధ ప్రాంతంలో పనిచేసి వచ్చినవాళ్లు, ఆనాడు ఏ యూనిట్‌తో ఉన్నారో దాని ప్యాచ్‌ను కుడి చేతి మీద వేసుకునే హక్కు సంపాదిస్తారు. దానికీ అర్హతల చిట్టా ఉంది. ఆ ప్రాంతాన్నీ, ఆ కాలాన్నీ సైన్యం అధికారికంగా గుర్తించి ఉండాలి, ఆ యూనిట్‌లో నువ్వు ఉండి ఉండాలి. మన దగ్గర పద్ధతి వేరు. మన జవాను చేతి మీద ఉండే ఫార్మేషన్ గుర్తు, ఆయన ప్రస్తుతం ఏ డివిజన్ లేదా ఏ కోర్ కింద పనిచేస్తున్నాడో చెబుతుంది. పోస్టింగ్ మారితే గుర్తూ మారుతుంది. అంటే మన సైనికుడి గతం రిబ్బన్లలో ఉంటుంది, వర్తమానం చేతి మీద ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొన్న ప్యాచ్‌లో రెండూ ఉండవు.

‘బలిదాన్’ బ్యాడ్జి అయితే ఇంకా గట్టి వ్యవహారం. అది పారాచూట్ రెజిమెంట్‌లోని స్పెషల్ ఫోర్సెస్ వాళ్లది. మెరూన్ టోపీ పెట్టుకునే పారాట్రూపర్లందరికీ కూడా అది రాదు. మామూలు సైనికులే స్వచ్ఛందంగా ముందుకొచ్చి, నెలల తరబడి ప్రొబేషన్ అనే నరకం దాటాలి. ఎక్కువమంది మధ్యలోనే వెనక్కి పోతారు. అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం నుంచి వెళ్లిన లాన్స్ నాయక్ సాయితేజ 11 పారా స్పెషల్ ఫోర్సెస్ జవాను. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయింది ఆయనే. 

ధోనీ గ్లవ్స్ గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. 2019 ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికా మ్యాచ్‌లో ఆయన గ్లవ్స్ మీద ఆ కత్తి గుర్తు కనిపించింది. గ్లవ్స్ మీద అలాంటి గుర్తులకు అనుమతి లేదని ఐసీసీ తీయించేసింది. టీవీల్లో రెండు మూడు రోజులు దేశభక్తి మీద చర్చ నడిచింది. నాకు మాత్రం అంతకు ముందు జరిగిన సంగతే ఎక్కువ నచ్చుతుంది. ధోనీకి 2011లో టెరిటోరియల్ ఆర్మీ గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చింది. గౌరవ హోదా ఉంది కదా అని పారా వింగ్స్ ఊరికే తగిలించలేదు. 2015లో ఆగ్రాలో శిక్షణ తీసుకుని, విమానం నుంచి ఐదుసార్లు దూకాకే ఆ రెక్కలు పెట్టుకున్నాడు. కల్నల్ హోదా ఇచ్చినవాళ్లే దూకమన్నారు చూశారా, అదీ రూలంటే.

సరే, చట్టం ఏమంటోంది? ఇక్కడ భయపెట్టేవాళ్లూ ఉన్నారు, ఏం కాదులే అనేవాళ్లూ ఉన్నారు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ ప్రకారం, సైనికుడు కాని వ్యక్తి తానే సైనికుడినని జనం నమ్మాలన్న ఉద్దేశంతో ఆ దుస్తులు వేసుకున్నా, ఆ గుర్తులు ధరించినా మూడు నెలల దాకా జైలు, రూ.2 వేల దాకా జరిమానా, లేదా రెండూ. పాత శిక్షాస్మృతిలో ఇదే 140వ సెక్షన్. గమనించండి, ‘ఉద్దేశం’ అన్న మాటే దీనికి ప్రాణం. ప్రాక్టీసుకు మచ్చల టీషర్టు వేసుకున్నందుకే ఎవరూ మిమ్మల్ని జైల్లో పెట్టరు. అదే టీషర్టు, ప్యాచ్‌లతో రీల్ చేసి కింద ‘పోస్టింగ్: కశ్మీర్’ అని రాశారనుకోండి, ఉద్దేశం ఏమిటో మీరే రాతపూర్వకంగా ఇచ్చినట్టు. 2016 జనవరిలో పఠాన్‌కోట్ దాడికి వచ్చినవాళ్లు సైనిక దుస్తుల్లో వచ్చారు. అప్పటి నుంచి ఆర్మీ ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోవడం లేదు. 2022లో తెచ్చిన కొత్త కంబాట్ యూనిఫాం డిజైన్ మీద మేధోహక్కులు కూడా రిజిస్టర్ చేయించుకుంది. ఆ డిజైన్ బట్టను అనుమతి లేకుండా తయారు చేసి అమ్మడం చట్టవిరుద్ధం.

ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు అసలు దెబ్బ రెండు వేల జరిమానా కాదు. ఏ ప్రభుత్వ ఉద్యోగానికైనా ఎంపికయ్యాక పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది. మీ మీద కేసులున్నాయా అని ఫారంలో అడుగుతారు. ఉన్న కేసు దాస్తే దాచినందుకే ఉద్యోగం పోవచ్చు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం మీద వివరంగానే చెప్పింది. లైకుల కోసం చేసిన పనిని ఆ ఫారంలో రాసుకునే పరిస్థితి ఎందుకు?

ఈ రూల్స్ తెలిసి ఉండటం వల్ల ఇంకో లాభం ఉంది. ఇదే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తోంది. ‘ఆర్మీలో నాకు పెద్దవాళ్లు తెలుసు, రెండు లక్షలివ్వు, పని అయిపోతుంది’ అని పల్లెల్లో తిరిగే దళారులు యూనిఫాంలోనే వస్తారు. అమ్మానాన్నలు ఆ యూనిఫాం చూసే నమ్ముతారు. పొలం తాకట్టు పెట్టేది ఆ రిబ్బన్లు చూసే. మరి ఆ రిబ్బన్లు చదవడం మీకు వస్తే? సైన్యంలో 9 ఏళ్లకు, 20 ఏళ్లకు, 30 ఏళ్లకు దీర్ఘకాల సేవా మెడల్స్ ఉంటాయి. పాతికేళ్ల వాడి ఛాతీ మీద 20 ఏళ్ల మెడల్ రిబ్బన్ ఎలా వచ్చింది? స్వాతంత్య్ర స్వర్ణోత్సవ మెడల్ 1997 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవాళ్లకు ఇచ్చింది. అది పెట్టుకున్న మనిషికి ఇప్పుడు తక్కువలో తక్కువ నలభై అయిదేళ్లు ఉండాలి. రిబ్బన్ల బొమ్మలు నెట్‌లో దొరుకుతాయి, ఒక సాయంత్రం కూర్చుంటే చాలు. "ఇది ఎక్కడిది సార్?" అని మర్యాదగానే అడగండి. నిజమైన మాజీ సైనికుడైతే కుర్చీ లాక్కుని కూర్చుని గంటసేపు చెబుతాడు. దొంగైతే ఫోన్ వచ్చిందంటూ లేచిపోతాడు. అసలు అగ్నివీర్ భర్తీ అంతా ఆన్‌లైన్ పరీక్ష, ర్యాలీ, మెడికల్ ద్వారానే జరుగుతుంది. మన జిల్లా గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు కిందికి వస్తుంది. సందేహం ఉంటే అక్కడ అడగాలి గానీ టీ బంకు దగ్గర కాదు.

కోచింగ్ అకాడమీల గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. పిల్లలకు ఈ టీషర్టులు ఎక్కడి నుంచి వస్తున్నాయి? చాలాచోట్ల ఫీజుతో పాటు అకాడమీయే ఇస్తోంది. అకాడమీ పేరు, దాని పక్కన స్పెషల్ ఫోర్సెస్ గుర్తు! నడిపేవాళ్లలో నిజంగా సర్వీసు చేసొచ్చిన మాజీ సైనికులు ఉన్నారు, వాళ్ల పట్ల నాకు గౌరవమే. కానీ ఆ గుర్తు విలువ అందరికంటే బాగా తెలిసినవాళ్లు దాన్ని యాడ్ బొమ్మగా వాడటం ఏం పద్ధతి? వచ్చే బ్యాచ్‌కు సాదా టీషర్టు ఇవ్వండి. పిల్లల పరుగు టైము ఏమీ తగ్గదు.

వేసుకోవాలన్న కోరిక ఉంటే దారి కాలేజీలోనే ఉంది. ఎన్‌సీసీ యూనిఫాం మీకు చట్టబద్ధంగా వచ్చేది. పరేడ్‌కు, క్యాంపుకు వేసుకోవచ్చు. అయితే 1948 ఎన్‌సీసీ చట్టం ప్రకారం క్యాడెట్ సైనికుడు కాడు, ఆ యూనిఫాంలో పెళ్లి ఫొటోలు దిగకూడదు. క్యాంపులో సంపాదించిన బ్యాడ్జి మాత్రం మీదే, సర్టిఫికెట్‌కు అగ్నివీర్ పరీక్షలో బోనస్ మార్కులు కూడా ఉన్నాయి. అది రెజ్యుమెలో రాయండి. ఏ సర్టిఫికెట్, ఏ సంవత్సరం, ఏ క్యాంపు, ఎన్ని రోజులు. ఇంటర్వ్యూ చేసేవాడు సాఫ్ట్‌వేర్ కంపెనీవాడైనా సరే, అలా రాసిన ఒక్క లైను ‘మిలటరీ స్పిరిట్ ఉంది’ అన్న పది లైన్ల కంటే త్వరగా నమ్ముతాడు.

ఇంతవరకు పిల్లలకు చెప్పాం. ప్రభుత్వానికి చెప్పాల్సింది కూడా ఉంది. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటించినప్పుడు, అగ్నివీరులు సర్వీసులో ఉన్నంతకాలం ప్రత్యేకమైన గుర్తు ధరిస్తారని చెప్పారు. నాలుగేళ్ల తర్వాత 25 శాతం మందిని మించి రెగ్యులర్‌లోకి తీసుకోరు. మిగతావాళ్లు ఆ గుర్తు తీసేసి ఇంటికి రావాలి. మాజీ సైనికుల హోదా ఉండదు. నాలుగేళ్లలో 9 ఏళ్ల మెడల్ వచ్చే ప్రశ్నే లేదు. మరోపక్క వాళ్లు నిలబడుతున్నది రెగ్యులర్ జవాన్లు నిలబడిన సరిహద్దులోనే. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన మురళీ నాయక్ అగ్నివీర్‌గా చేరినవాడే. 2025 మేలో, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో నియంత్రణ రేఖ దగ్గర ప్రాణాలిచ్చాడు.

మొదటి బ్యాచ్ శిక్షణ 2023 జనవరి నాటికి మొదలైంది. అంటే నాలుగేళ్ల గడువు 2026 చివర, 2027 మొదట్లో ముగుస్తుంది. ఆదోని జిన్నింగ్ మిల్లులో సెక్యూరిటీ ఉద్యోగానికో, కర్నూలులో పోలీసు ఉద్యోగానికో దరఖాస్తు చేసుకునేటప్పుడు ఆ కుర్రాడి చేతి మీద ఏ గుర్తూ ఉండదు, ఉండకూడదు కూడా. అందుకే చేతిలో కాగితం ఉండాలి. స్కిల్ సర్టిఫికెట్ ఇస్తామన్నారు, మంచిదే. దాంట్లో ‘క్రమశిక్షణ, నాయకత్వం’ లాంటి మాటలతో సరిపెట్టకుండా, రహస్యం కానంత మేరకు ఏ ప్రాంతంలో, ఎన్ని నెలలు, ఏ పని మీద ఉన్నాడో, ఏ మెడల్స్‌కు అర్హుడో రాసివ్వాలి. దాన్ని ఆన్‌లైన్‌లో ఎవరైనా సరిచూసుకునే వీలుండాలి. రాష్ట్ర ప్రభుత్వం కూడా తన ఉద్యోగ నోటిఫికేషన్లలో ఆ కాగితానికి ఏ విలువ ఇస్తుందో మొదటి బ్యాచ్ రైలు దిగేలోపే చెప్పాలి.