అవార్డు ముఖానికి సరే, గొంతుకో?



పండుగల రోజులు దగ్గరపడితే చాలు, టీవీల్లో అవార్డుల హడావుడి మొదలవుతుంది. ఒకపక్క జీ తెలుగు కుటుంబం అవార్డులు, ఇంకోపక్క స్టార్ మా పరివార్ అవార్డులు. ఉత్తమ నాయిక, ఉత్తమ జంట, ఉత్తమ అత్త, ఉత్తమ కోడలు అంటూ నామినేషన్ల ప్రోమోలు హోరెత్తిపోతాయి. ఎవరి సీరియల్‌కు వస్తుందోనని ఇళ్ళల్లో పందేలు కూడా కాస్తారు. ఏ ఛానెల్‌కు ఆ ఛానెల్ తన సీరియళ్ళనే తాను పోటీకి నిలబెట్టుకుని, తానే దండ వేసుకోవడం మీద చెప్పాల్సింది చాలానే ఉంది కానీ, అది వాళ్ళింటి పెళ్ళి, వాళ్ళిష్టం. మెదక్ జిల్లా టేక్మాల్ నుంచి వస్తున్న ఈ ఫిర్యాదు వేరే. నామినేషన్‌లో పేరు ఒకరిది, ఏడాదంతా జనం విన్న గొంతు ఇంకొకరిది. ఆ రెండో మనిషి ఏ ప్రోమోలోనూ కనబడదేం?

టేక్మాల్‌లో ఒక ఇల్లు. రాత్రి ఏడున్నర. గోడకు ఆనుకుని అరవై దాటిన ఒక అవ్వ. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపి పెట్టిన తునికాకు. రేకు ఆనించి ఆకు కత్తిరిస్తుంది, చిటికెడు తంబాకు పోస్తుంది, చుడుతుంది, మూతి మడిచి దారం కడుతుంది. ఇరవై ఐదు బీడీలకు ఒక కట్ట. చూపు చాట మీంచి లేచిందంటే ఆకు చినుగుతుంది, లెక్క తప్పుతుంది. అందుకే ఆమె సీరియల్ చూడదు, వింటుంది. ఆమధ్య మనవరాలు ఛానెల్ మార్చింది. కొత్త సీరియల్, కొత్త హీరోయిన్. అవ్వ తల ఎత్తకుండానే అడిగింది.

"గీమె గా సీరియల్ల కోడలే గదనే?"

"కాదవ్వా, గీమె వేరే. మొఖం సూడరాదు."

"మొఖం నాకెందుకే. గొంతు ఆమెదే."

మనవరాలు ఫోన్‌లో రెండు సీరియళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి విన్నది. అవ్వదే గెలుపు. మొఖాలు రెండు, గొంతు ఒక్కటే.

ఇందులో రహస్యమేమీ లేదు. మన సీరియళ్ళలో నాయికలు, అత్తలు, ప్రతినాయికలు చాలామంది కర్ణాటక నుంచో, కేరళ నుంచో వచ్చినవాళ్ళు. సెట్ మీద ఒకరు కెమెరా పక్కన నిలబడి డైలాగు అందిస్తుంటారు, నటి దాన్ని అందుకుని పెదవులు కదుపుతుంది. తర్వాత డబ్బింగ్ థియేటర్లో ఇంకో ఆవిడ మైకు ముందు నిలబడి, ఆ పెదవుల మీద తెలుగు కూర్చుతుంది. నటి 'ప' అనడానికి పెదవి మూసినచోట 'అ'తో మొదలయ్యే మాట పడితే ఎబ్బెట్టుగా ఉంటుంది కాబట్టి, అక్కడికక్కడ మాట మార్చాలి. ఏడుపు నటిది, వెక్కిళ్ళు ఈమెవి. ఆయాసం నటిది, ఊపిరి ఈమెది. ఇదంతా రోజూ ప్రసారమయ్యే సీరియల్‌కు, అంటే గొంతు బాగోలేని రోజున కూడా. జలుబు చేసిందని సోమవారం ఎపిసోడ్ మంగళవారానికి జరగదు కదా.

'కార్తీక దీపం' సీరియల్‌నే చూడండి. 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై 2023 జనవరి దాకా నడిచింది. మలయాళ సీరియల్ 'కరుత్తముత్తు'కు ఇది తెలుగు రూపం. వంటలక్క దీపగా వేసిన ప్రేమీ విశ్వనాథ్ అక్కడా నాయికే, ఇక్కడా నాయికే. నల్లని అమ్మాయి పాత్ర కోసం ఆమె ముఖానికి మేకప్‌తో నలుపు పూశారు. ఆ మేకప్ గురించి ఎన్ని చర్చలు జరిగాయో అందరికీ గుర్తే. ఆ నటికి తెలుగు పూసిన గొంతు గురించి మాత్రం ఎక్కడా చర్చ లేదు. భర్త డాక్టర్ బాబుతో వంటలక్క గొడవపడ్డ రోజున ఊరంతా విన్నది ఆ గొంతునే. బస్సులో, కిరాణా కొట్టులో, చేను గట్టు మీద ఆడవాళ్ళు అనుకరించిందీ ఆ విరుపునే. ప్రేమీ విశ్వనాథ్ నటనను తక్కువ చేయడానికి కాదు ఈ మాట. ఆ కళ్ళు ఆమెవే, ఆ నడక ఆమెదే. వంటలక్క అనే మనిషిని ఇద్దరు కలిసి చేశారు, దండ ఒక్కరి మెడలోనే పడింది, అంతే.

సినిమాలో ఈ పేచీ ఎప్పుడో తేలిపోయింది. 'అరుంధతి'నే తీసుకుందాం. పశుపతిగా భయపెట్టిన సోనూ సూద్‌కు ఉత్తమ ప్రతినాయకుడిగా నంది అవార్డు ఇచ్చారు. అదే పశుపతి చేత బొమ్మాళీ అని పిలిపించిన పి.రవిశంకర్‌కు ఉత్తమ డబ్బింగ్ కళాకారుడిగా ఇంకో నంది ఇచ్చారు. ఒకే పాత్రకు రెండు నందులు. ఎవరి వాటా వాళ్ళకు దక్కింది, ఎవరి గౌరవమూ తగ్గలేదు. 'ఏ మాయ చేశావే'లో సమంతకు గొంతిచ్చిన చిన్మయికీ నంది వచ్చింది. 'అన్నమయ్య'లో వేంకటేశ్వరుడు సుమన్, స్వామి పలుకు బాలసుబ్రహ్మణ్యానిది అని ఇవాళ్టికీ జనం చెప్పుకుంటారు. మూడు గంటల సినిమాకు ఇంత పట్టింపు ఉన్నప్పుడు, ఐదేళ్ళు ఇంట్లో మనిషిలా తిరిగిన గొంతుకు పేరైనా ఉండొద్దా?

బయటి సంగతీ చూడాలి. కేరళ ప్రభుత్వం ఏటా ఇచ్చే టీవీ అవార్డుల్లో డబ్బింగ్ కళాకారులకు విభాగం ఉంది. ఆ జ్యూరీ మొహమాటం లేనిది కూడా. 2021 సెప్టెంబరులో ప్రకటించిన అవార్డుల్లో ఉత్తమ సీరియల్ బహుమతిని ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా వదిలేసింది, తగిన నాణ్యత ఒక్కదానికీ లేదని. (మన దగ్గర అలా వదిలేస్తే వేదిక మీద డాన్సులు చేసేందుకు ఎవరుంటారన్నది వేరే ప్రశ్న.) అమెరికాలో ఎమ్మీ అవార్డులకూ పాత్రకు గొంతు ఇచ్చేవారి విభాగం ఉంది. అక్కడ ఎక్కువగా కార్టూన్ పాత్రలకు వెళుతుంది ఆ బహుమతి. బొమ్మకు గొంతిస్తే గుర్తింపు ఉన్నప్పుడు, మనిషికి గొంతిస్తే ఎందుకు ఉండకూడదు?

దీనికి ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. జనం ముఖాన్నే చూస్తారు, చీరలు నగలు చూస్తారు, గొంతు ఎవరిదో ఎవరికి పట్టింది అని. పట్టేవాళ్ళు ఉన్నారనడానికి చాట ముందు కూచున్న ఆ అవ్వే సాక్ష్యం. బీడీలు చుట్టేవాళ్ళు, మిషన్ కుట్టేవాళ్ళు, రేపటి కూరకు చిక్కుడుకాయల ఈనెలు తీసేవాళ్ళు, చూపు మందగించిన ముసలివాళ్ళు, పక్క గదిలో పిల్లాడికి అన్నం తినిపిస్తున్న కోడలు, వీళ్ళంతా సీరియల్‌ను చెవులతో చూసేవాళ్ళే. ఊళ్ళల్లో ఆ లెక్క తక్కువేం కాదు. నటికి తెలుగు రాకపోతే అదేమీ నేరం కాదు. కష్టపడి తెలుగు నేర్చుకుని సొంత గొంతుతో చెప్పే నటులూ ఉన్నారు, వాళ్ళకు ఇంకో మార్కు ఎక్కువే వేయాలి. ఎవరు సొంతంగా చెప్పారో, ఎవరికి అరువు గొంతో తెలియకుండా అందర్నీ ఒకే గాటన కట్టడంతోనే పేచీ. అసలు నష్టం ఆ సొంతంగా చెప్పినవాళ్ళకే.

ఇంకో సంగతీ ఉంది, ఇది మా తెలంగాణ వాళ్ళకు మరీ తగిలేది. నాయికలకు ఇచ్చే అరువు గొంతు కూడా దాదాపు ఎప్పుడూ ఒకే యాసది. ఇంటి యజమానురాలు పుస్తకం తెలుగు మాట్లాడుతుంది, పనిమనిషి వస్తే తెలంగాణ వినబడుతుంది. వీ6లో తీన్మార్ వార్తలతో బిత్తిరి సత్తి, సావిత్రి ఇదే భాషతో ఇంటింటికీ దగ్గరైన తర్వాత కూడా సీరియళ్ళ వంటింట్లోకి అది పెత్తనంతో రాలేదు, ఊడ్చే చీపురుతోనే వచ్చింది.

తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట సినిమా అవార్డులు పెట్టి, 2025 జూన్ 14న హైదరాబాద్‌లో మొదటిసారి అందజేసింది. గద్దర్ పుట్టింది ఈ జిల్లాలోనే, తూప్రాన్‌లో. ఒంటి మీద గొంగడి, కాలికి గజ్జె ఎంత ఉన్నా, ఆయన్ని ఊరూరా మోసుకెళ్ళింది గొంతే. ఆ పేరుతో టీవీకి కూడా అవార్డులిచ్చే రోజున, మొదట రాయవలసిన విభాగాల్లో డబ్బింగ్ ఒకటి ఉండాలని మా మెతుకుసీమ, అంటే మెదక్, అడగడంలో తప్పు లేదు.

ఛానెళ్ళను అడిగేది అంతకన్నా చిన్నది. పైసా ఖర్చు లేనిది. వచ్చే ఏడాది నామినేషన్ల ప్రోమోలో నాయిక పేరు వేసినప్పుడు, దాని కింద ఇంకో వరుసలో గొంతు ఎవరిదో వేయండి. సీరియల్ చివర పేర్లు పరిగెత్తించేటప్పుడు ఆ ఒక్క పేరు దగ్గర రెండు సెకన్లు ఆగండి. టేక్మాల్ అవ్వకు చదువు రాదు, మనవరాలు చదివి వినిపిస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
టేక్మాల్, మెదక్ జిల్లా