ఉగ్రాణం తాళం

ఆఫీసు మారుతుందనగానే ఎవరో ఒకరు అంటారు: "అందరూ తలో చెయ్యీ వేస్తే పూటలో అయిపోతుంది." వెయ్యనివాడిమీద ఒళ్లు వంచడనే ముద్ర పడుతుంది. ఈ మాటే తప్పంటాను.

2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. ఎన్ని ఆఫీసుల బీరువాలు లారీలెక్కాయో! అలాంటి ఒక తరలింపులో నేనూ ఉన్నాను. సూపరింటెండెంటు గారు కుర్చీలోంచే "కాస్త పట్టండయ్యా" అన్నారు. పట్టింది ఇద్దరు అటెండర్లు, స్వీపరమ్మ, కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటు అమ్మాయి. మిగతావాళ్లకు సరిగ్గా ఆ రోజే ఫీల్డు పనులు గుర్తొచ్చాయి. నాకూ గుర్తొచ్చింది, దాచడమెందుకు.

బద్ధకం కాదు, భయం. రేపు ఫైలు కనబడకపోతే "చివర ముట్టుకున్నదెవరు?" అంటారు, వెనకాలే మెమో వస్తుంది. జాబితా లేని కట్ట ఎత్తినవాడి మెడకే చుట్టుకుంటుంది. ఆ సంగతి తెలిసిన సీనియర్లు తప్పుకున్నారు. తెలియనివాళ్లూ, కాదనలేనివాళ్లూ మోశారు. కాబట్టి సాయం పట్టమని బతిమాలడమంటే, పూచీని మంచితనం పేరుతో కిందివాళ్ల నెత్తిన పెట్టడమే.

పైగా ఏది తీసుకెళ్లాలో, ఏది వదిలేయాలో అటెండరుకు ఎలా తెలుస్తుంది? మూసిన ఫైలు ఎల్.డిస్. రకమైతే ఏడాది దాచాలి, డి.డిస్. అయితే 10 ఏళ్లు, ఆర్.డిస్. అయితే శాశ్వతంగా. ఫైలు మూసిన సీటువాడే అది తేల్చాలి. మావాళ్లు తేల్చలేదు. గడువు తీరిన కట్టలు చెదలతో సహా కొత్త భవనంలో గృహప్రవేశం చేశాయి.

"మనలో మనకు ఇన్ని లెక్కలా? సర్దుకుపోవాలి" అంటారు. ఆ సర్దుకుపోయేది ఎప్పుడూ ఆ నలుగురే. పెళ్లింట చుట్టాలంతా తలో చెయ్యీ వేస్తారు, నిజమే. ఉగ్రాణం తాళం మాత్రం ఒక్కరి బొడ్లోనే ఉంటుంది.

రెండేళ్లకు మళ్లీ పై అంతస్తుకు మారాం. కొత్తగా వచ్చిన సూపరింటెండెంటు మేడం ఎవర్నీ బతిమాలలేదు. ఒక్కో ర్యాకుకు ఆ సీటువాళ్ల పేరు చీటీ అంటించి, కట్టల జాబితా మీద దించేటప్పుడొకటి, ఎక్కించాకొకటి సంతకం తీసుకున్నారు. మోయడానికి హమాలీలను పిలిచారు. ఆ రోజు ఎవరికీ ఫీల్డు పని పడలేదు. నా ర్యాకులో సగం కట్టలకు గడువు ఎప్పుడో తీరిందని నాకప్పుడే తెలిసింది.