ఒక్క భాగం కూలినంత మాత్రాన

గత నెల మగ్రిబ్ నమాజు తర్వాత పెద్దవంగరలో ఒక తండ్రి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చాడు. బాలుడు పదో తరగతి లెక్కల పరీక్షలో తప్పాడు. “మౌల్వీ సాబ్, వీడికి చదువు అబ్బదు. రేపటి నుంచి తొర్రూరులో మెకానిక్ షెడ్డుకు పంపుతా. మీరు దుఆ చేయండి” అన్నాడు. బాలుడు తల ఎత్తలేదు. చేతిపని తక్కువదని మేము అనము. అయితే “చదువు అబ్బదు” అన్న తీర్పు మాత్రం మాకు నచ్చలేదు. దుఆ చేసి, పడమట కనిపిస్తున్న నెలవంకను చూపి వారికి ఒక సంగతి చెప్పాము.

2019 జూలై 22న శ్రీహరికోట నుండి చంద్రయాన్-2 బయలుదేరింది. సెప్టెంబరు 7 తెల్లవారుజామున విక్రమ్ ల్యాండర్ చంద్రునిపై దిగుతుండగా సంబంధం తెగి, అది కూలిపోయింది. యాత్ర విఫలమైందని అందరూ అన్నారు. మేమూ తరగతిలో అదే మాట అన్నాము. అది మా తొందరపాటు.

ఎందుకంటే ఆ యాత్రలోని మరో భాగమైన ఆర్బిటర్ సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున చంద్రుని చుట్టూ తిరుగుతూనే ఉంది. ఒక్క ఏడాది పని కోసం దానిని నిర్మించారు. ప్రయోగం కచ్చితంగా సాగినందున దాదాపు ఏడేళ్లు పనిచేయగలదని ఇస్రో అప్పుడే తెలిపింది. అందులోని 8 పరికరాలలో ‘చేస్-2’ ఒకటి. చంద్రుని వాయువులను పరిశీలించడం దాని పని.

చంద్రునిపై గాలి లేదని కదా మనం చదువుకున్నాము! నిజానికి ఉంది, కాని అత్యంత పలుచన. శనిగ్రహపు చంద్రుడైన టైటాన్‌పై 2005 జనవరి 14న హైగెన్స్ నౌక పారాచూట్లతో దిగింది. అక్కడి గాలి ఒత్తిడి మన నేలపై ఉన్నదానికి సుమారు ఒకటిన్నర రెట్లు. మన చంద్రుని వద్ద పారాచూట్ విచ్చుకొనేంత గాలి కూడా లేదు. అంత స్వల్పమైన వాయువులోని కణాలను చేస్-2 వాటి బరువును బట్టి వేరుచేసి గుర్తిస్తుంది.

అది గుర్తించిన వాటిలో ఆర్గాన్-40 ముఖ్యమైనది. చంద్రుని రాళ్లలోని ఒక రకం పొటాషియం క్షీణించి ఈ వాయువుగా మారుతుంది, పగుళ్ల గుండా పైకి వస్తుంది. రాత్రి చలికి నేలను అంటుకొని, సూర్యోదయంతో తిరిగి లేస్తుంది. 1972లో అపోలో-17 యాత్రికులు ఉంచిన పరికరం దీనిని ఒక్కచోటనే పరిశీలించగలిగింది. చేస్-2 చుట్టూ తిరుగుతూ, మధ్య అక్షాంశాల వరకు దాని వ్యాప్తిని చూసింది. కొన్ని చోట్ల అది అధికంగా ఉందని 2022లో ఇస్రో వెల్లడించింది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 క్షేమంగా దిగింది. ఆ చోటును ఎంచడానికి కూడా ఈ ఆర్బిటర్ తీసిన చిత్రాలు ఉపకరించాయి.

ఇంత విన్నాక బాలుడు తల ఎత్తి, “అది ఇప్పుడు కూడా తిరుగుతోందా, మౌల్వీ సాబ్?” అని అడిగాడు. తిరుగుతోందని చెప్పి, “నీవు ఎన్ని సబ్జెక్టులలో పాసయ్యావు?” అన్నాము. “ఐదింటిలో” అన్నాడు. తండ్రి కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత “సప్లిమెంటరీకి ఫీజు ఎంత?” అని కొడుకునే అడిగాడు.

ఇప్పుడు ఆ బాలుడు పగలు షెడ్డుకు వెళ్తున్నాడు, ఇషా తర్వాత ఊళ్లోని ఒక మాస్టారు వద్ద లెక్కలు నేర్చుకుంటున్నాడు. ఫలితం అల్లాహ్ చేతిలో ఉంది. మన ఇళ్లలో తప్పిన ఒక్క సబ్జెక్టును చూసి బిడ్డ మొత్తానికి తీర్పు చెప్పేముందు, నిలిచి ఉన్న ఐదింటిని కూడా లెక్కపెడదాం.