కోళ్లకు మొలకలు పెట్టేముందు అవ్వను ఒక మాట అడుగుదాం

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ఇంట్లో కోళ్లు ఉంటే అమ్మకు కూడా చదివి వినిపించండి.

మేము ప్రొద్దుటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. రూములో ముగ్గురం. ఒకరిది జమ్మలమడుగు దగ్గర సుగాలి తండా, ఒకరిది పులివెందుల వైపు యానాది కాలనీ, ఒకరిది ప్రొద్దుటూరు పక్కనే ఎరుకల ఇండ్లు. మూడిండ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. ఇంకో విషయంలో కూడా మూడిండ్లూ ఒకటే. ఫీజుకో, పుస్తకాలకో, బస్సు చార్జీకో డబ్బు కావాల్సినప్పుడు అమ్మ ఒక కోడిని పట్టుకుని సంతకు పోయింది. అందుకే కోళ్ల గురించి రాయడం మాకు చిన్నతనంగా లేదు.

పోయిన వేసవి సెలవులకు ముందు ఫోన్లో ఒక వీడియో చూసినాం. కేజీ గింజలు నానబెట్టి ట్రేలలో పరిస్తే వారానికి ఏడు కేజీల పచ్చిమేత వస్తుందంట, దాణా ఖర్చే ఉండదంట. నమ్మినాం. సెలవుల్లో పులివెందుల వైపు మావాడి ఇంట్లోనే మొదలుపెట్టినాం. వీడియోలో వాడింది బార్లీ. మనకు బార్లీ యాడిది? కోతకూలికి పోయి తెచ్చుకున్న జొన్నలు ఉంటే అవే నానబెట్టినాం. వారానికి వేలెడంత పచ్చగా లేచినాయి. కోళ్లకు వేయబోతుంటే అవ్వ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏం నాయనా, లేత జొన్న వేస్తాండావే? నాము కదరా అది! మేకలు పోతాయి దానికి."

మేము నవ్వినాం. మేకలకు కదా, కోళ్లకేమవుతుంది అన్నాం. అవ్వ ఇంకేం మాట్లాడకుండా ట్రే ఎత్తి దిబ్బలో పారేసింది. మాకు కోపం వచ్చింది. వారం రోజుల కష్టం అది.

హాస్టల్‌కు వచ్చినాక చదివితే తెలిసింది, అవ్వ మాటే నిజమని. లేత జొన్న మొక్కలో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. పశువు దాన్ని నమిలితే అందులోంచి సైనైడ్ విషం పుడుతుంది. ఎండు గింజలో అది దాదాపు ఉండదు, మొలకెత్తి ఆకు వచ్చినాకే పెరుగుతుంది. అంటే తినడానికి మంచిదైన గింజనే మేము వారం రోజులు కష్టపడి విషంగా మారుస్తున్నాం. ధురిన్ పేరు అవ్వకు తెలియదు. ఆమె ఊర్లో వాళ్ల మేకలు కాసి బతికిన మనిషి. నాము తగిలిన మేక ఎట్లా పడిపోతుందో కళ్లారా చూసింది.

కాబట్టి మా అభిప్రాయం ఇది. కోళ్లకు మొలకలు పెట్టడం మంచిదే. కానీ ఎక్కడిదో పద్ధతి తెచ్చి మన ఇంటి గింజ మీద గుడ్డిగా రుద్దకూడదు. పుస్తకం చదివేది మనమే, అవ్వ దగ్గర కూర్చుని వినాల్సిందీ మనమే. ఈ రెండూ కలపగలిగేది మన తరమే.

ముందు ఆ ఏడు కేజీల లెక్క చూద్దాం. కేజీ గింజ ఏడు కేజీలు కావచ్చు, అబద్ధం కాదు. కానీ పెరిగింది నీళ్లు. ఆ మేతను ఎండబెట్టి తూస్తే మొదట పోసిన గింజ కంటే తక్కువే తూగుతుంది. మొలక పెరగడానికి గింజలోని పిండినే ఖర్చు పెట్టుకుంటుంది కదా. కాబట్టి మొలకలతో దాణా ఖర్చు పోతుందని ఎవరన్నా చెప్తే నమ్మొద్దు. ట్రేలు, స్టాండ్లు అని వేలు పెట్టి కొనొద్దు.

మరి ఎందుకు పెట్టాలంటే, మన ఎండాకాలం కోసం. వానల్లో కోడి తనంతట తానే గరిక, పురుగులు ఏరుకుని తింటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర పచ్చటి పరక కనపడదు. అప్పుడు మనం వేసేది స్టోరు బియ్యమే. 1890ల్లో జావా దీవిలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు ఒక సంగతి గమనించినాడు. పాలిష్ పట్టిన బియ్యమే తిన్న కోళ్లకు కాళ్లు పడిపోయినాయి, తవుడు పోని బియ్యం వేస్తే కోలుకున్నాయి. విటమిన్ల సంగతి లోకానికి తెలిసిన దారిలో అది పెద్ద మలుపు. 1929లో ఆయనకు నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. మొలకలు చేసే మేలు ఇదే. కడుపు నింపవు గానీ విటమిన్లు ఇస్తాయి. పచ్చిమేత తింటే గుడ్డు సొన కూడా బాగా పసుపు ఎక్కుతుంది.

పది కోళ్లకు రెండు దోసిళ్ల సద్దలు చాలు. రాత్రి నానబెట్టి, పొద్దున నీళ్లు వంచి తడిగుడ్డలో మూట కట్టాలి. రోజుకు రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి. ఒకటి రెండు రోజుల్లో తెల్ల మొలక రాగానే సాయంత్రం గూటికి చేరేటప్పుడు వేయాలి. వడ్లయినా, మొక్కజొన్నయినా సరే, అవి మొలకెత్తడానికి ఇంకొంచెం టైం పడుతుంది. జొన్న మాత్రం వద్దు, దాన్ని ఎండు గింజగానే వేయండి. విత్తనాల ప్యాకెట్లో మిగిలిన రంగు గింజలు అసలే వద్దు, వాటికి మందు పట్టించి ఉంటారు.

బూజు పట్టినా, జిగురు వచ్చినా, వాసన తేడాగా ఉన్నా దయ చూపకుండా పారేయండి. బూజు పట్టిన శనక్కాయలు, చెక్క కూడా అంతే. 1960లో ఇంగ్లండులో బూజు విషం ఉన్న శనగచెక్క తిని లక్ష దాకా టర్కీ కోళ్లు చచ్చిపోయినాయి. అఫ్లాటాక్సిన్ అనే విషం అప్పుడే బయటపడింది. శనక్కాయ పండే మన ప్రాంతంలో, "మనకు పనికిరానివి కోళ్లకు వేద్దాంలే" అనే అలవాటు మానుకోవాలి.

నానబెట్టడానికి గింజలే లేకపోతే మునగాకు, తోటకూర తరిగి వేయండి. అది కూడా పచ్చిమేతే.

ఇంకో మాట, ఇది అన్నిటికంటే ముఖ్యం. ఎన్ని మొలకలు పెట్టినా కొక్కెర తెగులు వస్తే గంప ఖాళీ అవుతుంది. దానికి టీకా ఒక్కటే దారి. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిది వారాలకు ఆర్2బి సూది. చిక్కు ఎక్కడంటే, ఒక్క సీసాలో వంద, అంతకుమించి కోళ్లకు సరిపోయే మందు ఉంటుంది. చల్లగా తేవాలి, కలిపినాక గంట రెండు గంటల్లో వేసేయాలి. పది కోళ్లున్న ఇల్లు ఒక్కటే ఈ పని చేసుకోలేదు. తండా అంతా ఒకే రోజు చేస్తే చాలా సులభం. ఇండ్లన్నీ తిరిగి కోళ్ల లెక్క రాసి, తేదీ పెట్టి, మందు తెప్పించే మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి మనమే ఎందుకు కాకూడదు?

"చదువుకుని మళ్లీ కోళ్ల ఎంబడి పడతావా" అని ఎవరన్నా అంటే సిగ్గుపడే పని లేదు. ప్రొద్దుటూరులోనే పశువైద్య కళాశాల ఉంది. అక్కడ చదివేది ఈ కోళ్ల గురించే. కడప దగ్గర ఊటుకూరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. మన కాలనీల దాకా వాళ్లు వచ్చేవరకు కూర్చోకుండా, మనమే పదిమందిమి కలిసి పోయి అడుగుదాం.

ఈ వేసవి సెలవుల్లో మేము మూడిండ్లలో సద్ద మొలకలు పెడతాం. ఎన్ని గింజలు పోసినాం, ఎన్ని గుడ్లు వచ్చినాయి అని నోటుబుక్కులో రాసి, బాగున్నా బాగాలేకపోయినా ఇక్కడే చెప్తాం. మీరు కూడా ఒక్కో ఇంట్లో చేసి రాయండి. మీ అవ్వలు, తాతలు కోళ్ల గురించి చెప్పే మాట ఒక్కటన్నా కామెంట్లో పెట్టండి. మేము మా అవ్వ మాట విని నవ్వినాం. మీరు నవ్వొద్దు, రాసుకోండి.