ఇంటి కాగితములు ఇంటిల్లిపాదికి తెలియవలెను

గృహయజమాని అకస్మాత్తుగా గతించిన ఇంటిలో, పెద్దకర్మ ముగిసి, బంధువులు తమ తమ ఊళ్లకు మరలి, వాకిట వేసిన పందిరి విప్పిన మరునాడు, దుఃఖమును దిగమ్రింగుకొని ఆ ఇల్లాలు చేయవలసి వచ్చు మొదటి పని కాగితములు వెదకుట. ఆమె బీరువా తలుపు తెరచును. పట్టుచీరల క్రింద పరచిన పాత వార్తాపత్రిక నెత్తి చూచును. బట్టల దుకాణమువారి సంచిలో చుట్టగా చుట్టి పెట్టిన జీవితబీమా బాండ్లు, వాటి నడుమ ఎన్నడో చెల్లించిన కరెంటు బిల్లులు, పిల్లవాని టీకాల కార్డు, గడువు తీరిన స్కూటరు బీమా, ఎవరిదో పెండ్లి శుభలేఖ, అక్షరములు చెరిగిపోయిన డిపాజిట్ రసీదు ఒకటి బయటపడును. పొలము దస్తావేజు మాత్రము కనబడదు. అది బ్యాంకులో కుదువ యున్నదో, మరిది ఇంట నున్నదో, ప్లీడరు గుమాస్తా వద్ద నున్నదో చెప్పగలవాడు ఒక్కడే, అతడు లేడు.

ఇట్టి ఇండ్లు తెలుగునాట కోకొల్లలు. ఈ కష్టమంతయు చిందరవందర వలన వచ్చినదని పలువురు తలంతురు. కాని కాగితములన్నియు ఫైళ్లలో ముచ్చటగా అమర్చి, ప్రతి ఫైలుపై చీటీ అంటించిన ఇంటిలోను ఇదే దురవస్థ సంభవించుట కలదు. ఏలయన ఆ అమరిక మర్మము ఒక్కని జ్ఞాపకమునందే నిక్షిప్తమై యుండును. కావున కాగితములను సక్రమముగా నుంచుటయు, వాటి నెలవును, వాటి అర్థమును ఇంటనున్న వయోజనుల కందరకు తెలిపియుంచుటయు, యజమాని తన వారియెడల నెరవేర్పవలసిన న్యాయధర్మమని నా దృఢాభిప్రాయము.

పూర్వము గ్రామమున కరణముగారి దస్తరము ఉండెడిది. గుడ్డలో మూటగట్టిన ఆ దస్తరమున అడంగళ్లును, సర్వే నంబర్లును, శిస్తు లెక్కలును తప్పుపోకుండ అమరియుండెడివి; తెలంగాణమున పట్వారీ వద్ద పహాణీలు అట్లే యుండెడివి. కాని చదువురాని రైతునకు తన పొలము సంగతి తానై తెలిసికొను ఉపాయము లేకుండెను. కరణముగారు విప్పి చెప్పినంత మేరకే అతనికి ఎరుక. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ గ్రామోద్యోగములను రద్దుచేసినది. ఊరిలో పోయిన ఆ కరణీకము మన ఇండ్లలో మాత్రము నేటికిని చెల్లుచున్నది. తండ్రియో, పెద్దకొడుకో దస్తరము పట్టిన కరణమై, తక్కినవారు సంతకము పెట్టుమన్న చోట సంతకము పెట్టువారై యున్నారు.

భోషాణమున నాలుగు దస్తావేజులు, గోడమేకుకు వ్రేలాడు ఇనుప తీగకు గుచ్చిన ఉత్తరములు తప్ప మరేమియు లేని కాలమున ఈ పద్ధతి ఎట్లో గడచిపోయినది. నేడు పుట్టుక మొదలు మరణము వరకు ప్రతి ఘట్టమునకును రాజ్యము ఒక పత్రమును కోరుచున్నది. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ననుసరించి శిశువు పుట్టిన 21 దినములలోపల ఆ వార్త అధికారికి చేరవలెను. ఏడాది దాటినచో మేజిస్ట్రేటు ఉత్తరువు లేక నమోదు జరుగదు. ఆ చట్టమునకు 2023లో వచ్చిన సవరణ వలన, ఆ సంవత్సరము అక్టోబరు 1వ తేదీ మొదలుకొని పుట్టినవారికి బడిలో చేరుటకును, ఓటరు జాబితాకును, పాస్‌పోర్టునకును జన్మదిన నిదర్శనము జనన ధ్రువపత్రమే. పదవతరగతి మార్కుల పత్రము చూపి అన్ని పనులు నెరవేర్చుకొన్న తరమువారికి ఈ మార్పు యొక్క గురుత్వము ఇంకను బోధపడలేదు.

స్థిరాస్తి సంగతి మరింత సున్నితము. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము విక్రయ దస్తావేజును వ్రాసికొన్న నాలుగు మాసములలోపల దాఖలు చేయవలెను. రిజిస్టరైన దస్తావేజు చేజారినను సర్టిఫైడు నకలు సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున లభించును. కాని ఆ దస్తావేజు సంఖ్యయు, సంవత్సరమును, కార్యాలయము పేరును ఇంట ఎక్కడనైన వ్రాసియున్ననే ఆ పని సులభమగును. తెలంగాణమున భూమి రికార్డుల నిర్వహణకు 2020లో ధరణి వచ్చినది, 2025లో భూభారతి వచ్చినది. పద్ధతి మారినప్పుడెల్ల తప్పుపడిన పేరును, తగ్గిపోయిన విస్తీర్ణమును సరిచేయించుకొనుటకు పాత పాసుపుస్తకము, పాత పహాణీ నకలు చేత నుండుట ఎంత అవసరమో రైతులెరుగుదురు. ఇక ఇల్లు కట్టుటకు అప్పు తెచ్చినవారు, అప్పు తీరినదను సంతోషములో మూలపత్రములు తెచ్చుకొనుటయే మరతురు. అప్పు పూర్తిగా తీరిన 30 దినములలోపల బ్యాంకు ఆ పత్రములను తిరిగి ఈయవలెననియు, తన తప్పిదముచే ఆలస్యము చేసిన ప్రతి దినమునకు 5,000 రూపాయలు ఋణగ్రహీతకు చెల్లింపవలెననియు రిజర్వు బ్యాంకు 2023లో శాసించినది. ఈ నియమము తెలిసిన ఇల్లాలు బ్యాంకు కౌంటరు ఎదుట దీనముగా నిలువనక్కర లేదు.

పదేండ్లు ఎవరును అడుగని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిర్వహించు ప్రత్యేక నిధికి తరలిపోవును. హక్కుదారు పిమ్మట వచ్చి అడిగినచో బ్యాంకు ఆ సొమ్ము చెల్లింపవలసినదే; అట్టి ఖాతాలను వెదకుకొనుటకు 2023లో ఉద్గమ్ అను వేదికయు ఏర్పడినది. అయినను తండ్రి ఏ ఊరిలో ఉద్యోగము చేసినప్పుడు ఏ బ్యాంకులో ఎంత దాచెనో తెలియని బిడ్డలు ఆ వేదికను వెదకవలెనని కూడ ఎరుగరు. నామినీ పేరు వ్రాసినచో సర్వము చక్కబడినట్లే యని తలచుటయు పొరపాటు. డిపాజిట్లకు, వాటాలకు నామినీ సొమ్మును అందుకొను అధికారము గలవాడే గాని, వారసులను త్రోసిపుచ్చి అనుభవింపదగిన యజమాని కాడు. 2025 నవంబరు నుండి బ్యాంకు ఖాతాకు నలుగురి వరకు నామినీలుగా పేర్కొనవచ్చును. పెండ్లికి పూర్వము తల్లి పేరు వ్రాసి, ఆమె గతించినను మార్పని ఖాతాలు ఎన్ని ఇండ్లలో లేవు!

అన్నియు ఫోనులో భద్రముగా నున్నవి గదా, ఇంక కాగితముతో పనియేమి యని యువకులు ప్రశ్నింతురు. ఈ మాటలో కొంత సత్యము కలదు. 2015లో వెలసిన డిజిలాకరు ద్వారా ప్రభుత్వ శాఖలు జారీచేసిన పత్రములకు మూలపత్రముతో సమానమైన మాన్యత చట్టము కల్పించినది; అయితే మనము ఫోటో తీసి అందులో చేర్చుకొన్న దానికి ఆ మాన్యత లేదు. ఆ ఫోను యజమాని వ్రేలిముద్రతో గాని తెరువబడదు. ఓటీపీలన్నియు అతని నంబరునకే వచ్చును. రీచార్జి చేయక విడిచిన నంబరు కొన్ని నెలలకు రద్దై, పిమ్మట మరియొకరికి కేటాయింపబడును. కుమారుడు డాలసులోను, కుమార్తె సిడ్నీలోను, తల్లిదండ్రులు గుంటూరులోను ఉన్న కుటుంబములకు ఈ చిక్కు మరింత తీవ్రము. అచ్చట వ్రాసి పంపిన పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చటికి చేరిన మూడు మాసములలోపల స్టాంపు చేయింపవలసి యున్నదని తెలియక, ఆ కవరును సొరుగులో పడవేసి గడువు దాటించుకొన్నవారు కలరు. ఫోను కాగితమునకు తోడు కాగలదు; దాని స్థానమును పూర్తిగా ఆక్రమింపజాలదు.

అట్లయిన చేయవలసిన దేమి? నాలుగు వర్గములు చాలును. జనన, వివాహ, విద్యా పత్రములు, స్థిరాస్తి దస్తావేజులు, వాటి లింకు డాక్యుమెంట్లు, తాజా ఎన్‌కంబరెన్సు సర్టిఫికెట్ (ఈసీ), పింఛను ఉత్తరువు — ఇవి శాశ్వతములు. బీమా బాండ్లు, డిపాజిట్ రసీదులు, అప్పు పత్రములు, వాహన పత్రములు — ఇవి నడుచుచున్నంత కాలము ముఖ్యములు. ఇంటిపన్ను, నీటిపన్ను, ఆదాయపుపన్ను రసీదులు సంవత్సరము వారీగా నిలుపదగినవి. చెల్లిపోయిన ఫోను బిల్లులు, పాత ప్రకటనలు చించివేయదగినవి. వీటిని దాచుట వలన ముఖ్యమైనవి కనబడకుండ పోవును. ఈ నాలుగింటికిని మించి అవసరమైనది ఒక నోటుబుక్కు. ఏ పత్రము ఎక్కడ నున్నది, దాని సంఖ్య యేమి, ఏ శాఖ, గడువు ఎప్పుడు, నామినీ ఎవరు, ఎవరికి ఎంత బాకీ, ఎవరి వద్ద నుండి ఎంత రావలసి యున్నది — ఇవన్నియు తెలుగులో, ఇంట అందరు చదువగల అక్షరములతో అందులో వ్రాయవలెను. పిన్‌ నంబర్లను మాత్రము అందు వ్రాయరాదు.

భద్రపరచు తీరు కూడ తెలిసి చేయవలెను. దస్తావేజునకు లామినేషను చేయించుట మేలనుకొందురు గాని, వేడికి సిరా చెడవచ్చును, వెనుకనున్న ముద్రలను పరిశీలించుట కష్టమగును. ఒకసారి అంటిన పొరను తిరిగి తీయుట దుర్లభము. బంగారము దుకాణమువారు, వస్తువుల దుకాణమువారు ఇచ్చు నున్నని బిల్లులు కొంతకాలమునకే తెల్లకాగితములగును. వాటికి వెంటనే జిరాక్సు తీయించి జతపరుపవలెను. ఇనుప గుండుసూదులు త్రుప్పు పట్టి కాగితమును తినును. గోడకు ఆనించిన చెక్క పెట్టెకు చెదలు పట్టును. అటకపై వేడి, క్రింది అరలో చెమ్మ. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతపు ఇండ్లను ముంచినది. అంతటి వరద వచ్చినప్పుడు బీరువా అడుగు అరలోని కాగితముల కేది దిక్కు? మూలపత్రములన్నియు నీరు చొరని ఒకే సంచిలో, నడుము ఎత్తునకు పైన, ఒక్కచేత అందుకొని బయటకు నడువగలుగునట్లు ఉండవలెను.

ఈ పని అంతయు మంచముపై కూర్చుండి చేయుట వలననే మనకు విసుగు పుట్టుచున్నది. భోజనము వేళకు ఎత్తివేయవలసిన కాగితములు మరల పరచుటకు ఎవరికిని మనసొప్పదు. ఇంటిలో ఒక బల్ల ఉండవలెను. అది ఎవరి సొంతమును కాక అందరిదిగా నుండవలెను. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, సుమారు 30 అంగుళముల ఎత్తు గల సామాన్యమైన బల్ల చాలును. కుడిచేత వ్రాయువారికి వెలుతురు ఎడమవైపు నుండి పడునట్లు కిటికీ ప్రక్కన వేసి, సొరుగులో కలము, జిగురు, పంచింగ్ మిషను, కొన్ని కవర్లు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఉంచి, కూర్చున్నవారి చేతికి అందు ఎత్తున ఫైళ్ల అర బిగించినయెడల, పని సగము తీరినట్లే. 2020లో కరోనా వచ్చి ఇల్లే కార్యాలయమును, బడియును అయినప్పుడు ఇట్టి చోటు లేని బాధ ఇంటింట తెలిసివచ్చినది. రెండు పడకగదుల ఇంటిలో చోటెక్కడ నున్నదని అడుగువారికి నా ప్రత్యుత్తరము ఒక్కటే: టీవీకి ఒక గోడ నంతయు ఒసగగలిగిన కుటుంబము ఈ పనికి ఒక మూల నొసగజాలదా?

ఆ బల్ల వద్ద ఇల్లాలు కూర్చుండుట ముఖ్యము. మన పల్లెలలో డ్వాక్రా సంఘముల స్త్రీలు తీర్మానముల పుస్తకము వ్రాయుదురు, పొదుపు లెక్కలు సరిచూతురు, బ్యాంకుకు పోయి లింకేజి ఋణము తెత్తురు, వాయిదా తప్పక కట్టింతురు. పదిమంది సొమ్ము లెక్కను ఇంత నిర్దుష్టముగా నడుపు ఆ స్త్రీయే తన ఇంటి పొలము దస్తావేజును ఎన్నడును విప్పి చూచి యుండకపోవచ్చును. ఆమెకు సామర్థ్యము లేదని ఎవ్వరును చెప్పజాలరు. ఆమెను అడిగినవారే లేరు. ఆడవారికి ఈ తలనొప్పులెందుకని పురుషుడు ప్రేమతోనే పలుకవచ్చును. కాని ఆ ప్రేమ ఫలితము, అతని అనంతరము ఆమె కొడుకును, మరిదిని, గుమాస్తాను వేడుకొనుటయే. భార్యను నిజముగా ప్రేమించువాడు ఆమెను ఆ స్థితికి విడువడు.

చివరిమాట వీలునామాను గూర్చి. చావు మాట ఎత్తుట అశుభమని మన పెద్దలు దానిని వాయిదా వేయుదురు. వీలునామాకు స్టాంపు కాగితము అవసరము లేదు, రిజిస్ట్రేషను చట్టరీత్యా నిర్బంధము కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టము కోరునది, వ్రాసినవాని సంతకమును, దానిని ధ్రువపరచు ఇద్దరు సాక్షుల సంతకములును. ఇంత సులభమైన పని చేయక విడుచుట వలన అన్నదమ్ములు కోర్టుల చుట్టు ఏండ్ల తరబడి తిరుగుచున్నారు. అశుభమనదగినది ఆ వ్యాజ్యము. వీలునామా దానికి నివారణము.

నెలకొక ఆదివారము, ఒక గంట సేపు, భార్యాభర్తలును, పదవతరగతి దాటిన పిల్లలును ఆ బల్ల చుట్టు కూర్చుండి నోటుబుక్కును సరిచూచుకొనుట గృహధర్మముగా మనము పాటింపవలెను. ఒక నెల బీమాను, ఒక నెల భూమిని, ఒక నెల అప్పులను చూచినచో ఏడాది తిరుగక మునుపే ఇంటిలోని ప్రతి వయోజనునికి ఇంటి స్థితి కరతలామలకమగును. తెలుగు దినపత్రిక చదువగలవారు ఎవరైనను తమ ఇంటి దస్తావేజును చదివి అర్థము చేసికొనగలరు. ఈ వచ్చు ఆదివారము నాడే మొదలిడుడు. మొదట పొలము పత్రమును, పిమ్మట బ్యాంకు పత్రములను మీ ఇంటివారి చేతికిచ్చి, వారి చేతనే చదివింపుడు.